ద్వీపాంతరవాసి మౌల్వీ అల్లావుద్దీన్



విరూర్, రాజురా ప్రాంతాలలో స్థిరపడిన మనవారి పిల్లలు ఈ ఊళ్లు మొదటి నుండి మహారాష్ట్రలోనివే అనుకుంటారు. నిజానికి 1956 వరకు ఇది హైదరాబాదుకు చెందిన నేల. అందుచేత హైదరాబాదు నుండి అండమానుకు పంపబడిన మౌల్వీ అల్లావుద్దీన్ గారి జీవితం మనకు పరాయి కథ కాదు.

1857లో ఉత్తరదేశంలో సిపాయిలు తిరుగబడినప్పుడు నిజాం అఫ్జలుద్దౌలా అప్పుడే గద్దెనెక్కారు. దివాను సాలార్‌జంగు ఇంగ్లీషువారి పక్షము వహించారు. బుల్ధానా నుండి పారిపోయి వచ్చిన జమేదారు చీదాఖాన్‌ను, ఆయన వెంట వచ్చినవారిని పట్టుకొని రెసిడెన్సీకి అప్పగించారు. నగరం మండిపడింది. జూలై 17, శుక్రవారం నాడు మక్కా మసీదు దగ్గర జనం కూడారు. మతబోధకుడైన అల్లావుద్దీన్, రోహిల్లాల నాయకుడు తుర్రెబాజ్‌ఖాన్ ముందు నడువగా సుమారు అయిదు వందల మంది కోఠీలోని రెసిడెన్సీ మీదికి వెళ్లారు. తరువాతి కాలంలో మహిళా కళాశాల నడచిన భవనమే అది.

రెసిడెంటు డేవిడ్‌సన్‌కు ముందే కబురందింది, ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తిరుగుబాటుదారులు ఎదురుగా ఉన్న షావుకార్ల ఇళ్లలో చేరి తెల్లవారుజాము వరకు కాల్పులు జరిపారు. కత్తులతో, పాత తుపాకులతో ఫిరంగులను గెలవడం సాధ్యమయ్యే పని కాదు. ఆ సంగతి వారికి తెలియదని నేననుకోను.

తుర్రెబాజ్‌ఖాన్ పట్టుబడ్డాడు. యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. 1859 జనవరిలో జైలు నుండి తప్పించుకున్నాడు. తలకు 5,000 రూపాయల బహుమానం ప్రకటించగా కొద్ది రోజులకే తూప్రాన్ దగ్గర చంపబడ్డాడు. అల్లావుద్దీన్ చాలాకాలం దాగి ఉండి బెంగుళూరు వైపున దొరికిపోయారు. ఆయనకూ అదే శిక్ష పడింది. 1859 జూన్ 28న ఆయనను అండమానుకు పంపారు.

అండమాను అనగానే మనకు సెల్యులార్ జైలు గుర్తుకు వస్తుంది. అది 1906లో పూర్తయింది, ఆయన దానిని చూడనేలేదు. ఆయన నాటికి అక్కడ ఉన్నది అడవి. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో పోర్టు బ్లెయిరులో దిగి, వారి చేతనే చెట్లు కొట్టించి వలస ఏర్పరచారు. జ్వరాలతోను, ఆకలితోను, తప్పించుకోబోయి దొరికి ఉరికంబమెక్కిన వారితోను మొదటి సంవత్సరమే వందలమంది రాలిపోయారు. తమ అడవి పోతున్నదని ఆదివాసులు 1859 మే 17న అబర్దీన్ వద్ద ఇంగ్లీషువారితో పోరాడారు. ఆ తరువాత నెల దాటకముందే ఇక్కడ హైదరాబాదులో మౌల్వీగారి ప్రయాణపు ఉత్తర్వులు సిద్ధమవుతున్నాయి.

వార్ధా నదికి అవతలి చాందా జిల్లాలోనూ ఇదే వరస. గోండు వీరుడు బాబూరావు షెడ్మాకేను 1858లో ఉరి తీశారు. ఆయన తోడుగా లేచిన అడపల్లి జమీందారు వెంకటరావుకు 1860లో ద్వీపాంతరవాసం విధించారు. ఉరి తీసినవారి పేర్లు పాటలలోను, వీధుల పేర్లలోను నిలిచాయి. కోఠీలో తుర్రెబాజ్‌ఖాన్ పేరిట రోడ్డు కూడా ఉన్నది. సముద్రం దాటించిన వారిని ఊరు తొందరగా మరచిపోతుంది. ప్రభుత్వం ఆ శిక్షను ఎంచుకొన్నది కూడా అందుకేనేమో!

1872లో అదే పోర్టు బ్లెయిరులో వైస్రాయి మేయో ఒక ఖైదీ కత్తికి బలి అయ్యే నాటికి మౌల్వీగారు ఆ దీవులకు వచ్చి పన్నెండేళ్లు దాటింది. మరి పదేళ్లకు పైగా, 1880 దశకం వరకు ఆయన అక్కడే గడిపి అక్కడే కన్నుమూశారు. హైదరాబాదును మరల చూడలేదు.