మాల్థస్: కంపెనీ దొరలకు పాఠం చెప్పిన జనాభా పంతులు

ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో అడవుల మధ్య ఓక్‌వుడ్ అనే చిన్న చర్చి ఉంది. 1790లలో అక్కడ సహాయ పురోహితుడిగా పనిచేసిన థామస్ రాబర్ట్ మాల్థస్ బాప్తిస్మాలనూ ఖననాలనూ దస్తరంలో నమోదు చేసేవారు. ఊళ్లో పేదరికం తాండవిస్తున్నా జననాలు మరణాలను మించిపోతూ ఉండేవి. జనాభా చర్చలో నేటికీ వినవచ్చే పేరు ఆయనదే.

1766 ఫిబ్రవరిలో డోర్కింగ్ సమీపాన సంపన్న కుటుంబంలో మాల్థస్ జన్మించారు. తండ్రి డేనియల్ తత్త్వవేత్త రూసో అభిమాని. బిడ్డ పుట్టిన కొన్ని వారాలకే రూసో, హ్యూమ్ ఆ ఇంటికి అతిథులుగా వచ్చారు. గ్రహణం మొర్రితో పుట్టిన మాల్థస్‌కు మాట స్పష్టంగా పలికేది కాదు. అయినా బోధననూ చర్చి ప్రసంగాన్నీ ఆయన వదులుకోలేదు. కేంబ్రిడ్జిలోని జీసస్ కళాశాలలో గణితం చదివి 1788లో తొమ్మిదో ర్యాంకు సాధించారు.

మానవ సమాజం అంతులేకుండా మెరుగుపడుతూ పోతుందని గాడ్విన్, కొండార్సే వంటివారు రాస్తున్న కాలమది. తండ్రి ఆ ఆశావాదాన్ని సమర్థించగా కుమారుడు విభేదించారు. ఆ వాదం నుంచే 1798లో, రచయిత పేరు లేకుండా, జనాభా సూత్రంపై వ్యాసగ్రంథం వెలువడింది. అడ్డులేని చోట జనాభా గుణశ్రేఢిలో పెరుగుతుందనీ, ఆహారోత్పత్తి అంకశ్రేఢిలోనే పెరుగుతుందనీ దాని సారాంశం. అమెరికా వలసల్లో పాతికేళ్లకోసారి జనం రెట్టింపవుతున్నారన్న లెక్కను ఆయన ఆధారంగా తీసుకున్నారు. ఆహారం విషయంలో మాత్రం అంతటి ఆధారం ఆయన వద్ద లేదు. పుస్తకంలోని బలహీనత అక్కడే ఉంది.

1799లో ఉత్తర ఐరోపా పర్యటించి, సమాచారం పోగుచేసి, 1803లో పుస్తకాన్ని అనేక రెట్లు పెంచి సొంత పేరుతో ప్రచురించారు. కరవు, వ్యాధి, యుద్ధం మాత్రమే కాక, పోషించే శక్తి వచ్చేదాకా వివాహాన్ని వాయిదా వేసే నిగ్రహమూ జనాభాను అదుపు చేయగలదని అందులో చేర్చారు. భారతదేశంపైనా ఒక అధ్యాయం రాశారు. ఆయన ఇక్కడికి ఎన్నడూ రాలేదు. విలియం జోన్స్ అనువదించిన మనుధర్మశాస్త్రమే ప్రధాన ఆకరం. శాస్త్రంలో రాసినదాన్నే జనజీవనంగా భావించిన పాశ్చాత్యులలో ఆయనా ఒకరు. తల్లిదండ్రులు పోషించలేని, సమాజానికి శ్రమ అక్కరలేని మనిషికి తిండి అడిగే హక్కు లేదన్న భాగం కూడా ఈ కూర్పులోనిదే. విమర్శలు చెలరేగడంతో తర్వాతి ముద్రణలో దాన్ని తొలగించారు గానీ, ఆ మచ్చ మాత్రం చెరిగిపోలేదు.

1804లో హ్యారియెట్ ఎకర్సాల్‌ను పెళ్లాడారు. అప్పటికి ఆయన వయసు 38. తాను బోధించిన నిగ్రహాన్ని పాటించారనే చెప్పాలి. మరుసటి ఏడాది ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగుల శిక్షణకు నెలకొల్పిన కళాశాలలో చరిత్ర, అర్థశాస్త్ర ఆచార్యుడిగా నియమితులయ్యారు. హెయిలీబరీలో స్థిరపడిన ఆ కళాశాలలో జీవితాంతం బోధించారు. విద్యార్థులు ఆయనకు పెట్టిన ముద్దుపేరు ‘పాప్’. పాపులేషన్‌కు అది సంక్షిప్తం.

ఆ కళాశాలలో చదివి 1817లో మద్రాసు చేరినవారిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉన్నారు. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని కబళించిన కరవును పై అధికారులు కేవలం కొరతగా పేర్కొంటుండగా, బ్రౌన్ దాన్ని క్షామమనే రాశారు. నిఘంటుకారునికి మాటల బరువు తెలుసు. లక్షన్నరకు పైగా జనం మరణించారని అంచనా వేసిన విపత్తు అది. అదే కళాశాల నుంచి వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్, 1840లలో ఐర్లండు కరవు సహాయాన్ని పిసినారితనంతో నడిపి అపకీర్తి మూటగట్టుకున్నారు. మాల్థస్ మరణానంతరం అక్కడ చదివిన రిచర్డ్ టెంపుల్, 1877లో మద్రాసు రాష్ట్రపు కరవు పనుల్లో కూలీకి రోజుకు సుమారు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించారు. శిష్యుల పనులన్నీ గురువు ఖాతాలో వేయడం న్యాయం కాదు. కానీ చావులను ప్రకృతి నియమంగా చూసే అలవాటుకు ఆయన సిద్ధాంతం ఊతమిచ్చిందన్నది కాదనలేం.

ఆ సిద్ధాంతానికి జవాబు కృష్ణా తీరంలోనే దొరుకుతుంది. 1852లో గోదావరిపై ధవళేశ్వరం, 1855లో కృష్ణపై బెజవాడ ఆనకట్టలు పూర్తయ్యాయి. 1876-78 మహాక్షామంలో రాయలసీమ, బళ్లారి అల్లాడినా డెల్టాలు గట్టెక్కాయి. జనం తగ్గినందువల్ల కాదు, నీరు అందినందువల్ల. అయితే నేల, నీరు అక్షయపాత్రలు కావన్న మాల్థస్ హెచ్చరికను మాత్రం, భూగర్భజలాలు అడుగంటుతున్న నేటి రోజుల్లో తోసిపుచ్చలేం.

ఆర్థికవేత్త డేవిడ్ రికార్డోతో ధాన్యపు దిగుమతి సుంకాలపై విభేదిస్తూనే మాల్థస్ ఆప్తమిత్రుడిగా కొనసాగారు. 1834 డిసెంబరు 29న బాత్ నగరంలో కన్నుమూశారు. నాలుగేళ్ల తర్వాత ఆయన పుస్తకం చదివిన చార్లెస్ డార్విన్‌కు ప్రకృతి వరణ సిద్ధాంతపు తీగ దొరికింది. మాల్థస్ గర్భనిరోధాన్ని దురాచారంగా భావించేవారు. 1877లో లండన్‌లో గర్భనిరోధ ప్రచారానికి వెలసిన సంఘం ఆయన పేరే పెట్టుకోవడం విడ్డూరం.

2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సంతానోత్పత్తి రేటు 2.0కు, ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు పడిపోయింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తివేసింది.