అడాల్ఫ్ సాక్స్ జీవితము — మన ఊరేగింపు బూరల కథ

మన మండల శతాబ్ది ఊరేగింపు ఎట్లు జరగవలెనన్న విషయమై మా సంఘములో చాలా రోజులు చర్చ జరిగింది. నాంపల్లి స్టేషను దగ్గర బయలుదేరి, అబిడ్స్ తపాలా కార్యాలయము మలుపు దాటి, సెయింట్ జార్జి దేవాలయము వైపు నడవాలని పెద్దలు అనుకున్నారు. లారీ మీద కీబోర్డు, లౌడు స్పీకర్లు పెడితే చాలునని యువజనులు అన్నారు. బూరల బ్యాండు లేని ఊరేగింపు ఊరేగింపేనా అని వృద్ధులు అడిగారు. ఆ కూటములో మేము ఒక మాట అన్నాము. అనకుండా ఉండవలసిన మాట. పెళ్ళిళ్ళలో సినిమా పాటలు వాయించే మేళగాండ్రు దేవుని మందిరపు ఊరేగింపునకు తగరని అన్నాము. వెనుక బల్ల మీద కూర్చున్న ఒక సహోదరుడు లేచి, ఎవరితోనూ మాట్లాడక, ఇంటికి వెళ్ళిపోయాడు. ఆయన తండ్రిగారు నలభై ఏండ్లు నాంపల్లి పరిసరములలో బ్యాండులో బూర ఊదిన మనిషని, ఆ సంపాదనతోనే పిల్లలను చదివించాడని మాకు ఆ రాత్రే తెలిసింది.

మరునాడు ఉదయము ఆ సహోదరుని ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాము. ఆయన కోపపడలేదు. అటక మీద నుండి పాత గుడ్డలో చుట్టిన తండ్రిగారి బారిటోన్ హార్న్ దించి మా చేతిలో పెట్టాడు. దాని మీటలు మూడూ వేళ్ళ ఒరిపిడికి అరిగి నున్నబడి ఉన్నాయి. ఇటువంటి బూరను మొదట ఎవరు చేశారని ఆయన మమ్మును అడిగాడు. వేదశాస్త్ర కళాశాలలో చదివి పట్టా పుచ్చుకున్నాము గాని, ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసము చదివినదంతా ప్రియ పాఠకులతో పంచుకొనవలెనని ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

బూరకూ నడకకూ ఉన్న సంబంధము క్రొత్తది కాదు. సంఖ్యాకాండము పదవ అధ్యాయములో మోషే రెండు వెండి బూరలు చేయించిన సంగతి మనమెరిగినదే. రెండూ ఊదితే సమాజమంతా కూడవలెను. ఒక్కటే ఊదితే ప్రధానులు రావలెను. ఆర్భాటముగా ఊదితే దండు కదలవలెను. అయితే మీటలు లేని బూరకు ఒక కొరత ఉంది. పెదవుల బిగువును మార్చినకొద్దీ కొన్ని స్వరములు మాత్రమే పలుకుతాయి. మధ్య స్వరములు దొరకవు. పిలుపునకు అది చాలును గాని కీర్తనకు చాలదు. వేలాది సంవత్సరములు మనుష్యులు ఆ కొరతతోనే బూరలు ఊదారు. ఆ కొరత తీరిన కాలములో పుట్టి, బూరలన్నిటినీ ఒక కుటుంబముగా కూర్చిన మనిషి అడాల్ఫ్ సాక్స్.

ఆయన 1814 నవంబరు 6న బెల్జియము దేశమందలి దినాన్ అనే పట్టణములో, మ్యూజ్ నది ఒడ్డున జన్మించారు. అసలు పేరు ఆంత్వాన్ జోసెఫ్. అడాల్ఫ్ అన్నది ఇంటి పిలుపు. తండ్రి షార్ల్ జోసెఫ్ వాయిద్యములు తయారుచేసే పనివాడు. పదకొండుమంది సంతానములో అడాల్ఫ్ పెద్దవాడు. ఆ పిల్లవాడు బ్రతికి బట్టకట్టుటయే వింత అని ఊరివారు అనుకొనేవారట. మెట్ల మీద నుండి పడి తల రాతికి కొట్టుకున్నది, సూది మ్రింగాడు, పాలనుకొని ఆమ్లము కలిసిన నీళ్ళు త్రాగాడు, తుపాకి మందు పేలి కాలింది, నదిలో కొట్టుకొనిపోతుంటే ఎవరో పట్టి లాగారు. ఇన్ని గండములు గడచిన పిల్లవానిని ఇరుగుపొరుగువారు దయ్యపు బిడ్డ అని పిలిచారని చెబుతారు. మేమైతే అది దేవుని కాపుదల అంటాము.

తండ్రి కార్ఖానాలోనే అడాల్ఫ్ పని నేర్చుకున్నారు. రేకు వంచుట, గొట్టము సాగదీయుట, అతుకు పెట్టుట చేతులతో నేర్చిన విద్యలు. తాను చేసిన వాయిద్యమును తానే చక్కగా వాయించగలుగుట ఆయనకున్న గొప్ప బలము. 1838లో బాస్ క్లారినెట్‌ను బాగుచేసి పేటెంటు పొందారు. 1842లో పారిస్ నగరమునకు తరలివెళ్ళారు. చేతిలో సొమ్ము లేదు గాని ఆయన పనితనమును చూసిన సంగీతకర్త బెర్లియోజ్ అదే సంవత్సరము జూనులో పత్రికలో ఆయనను మెచ్చుకొని వ్రాశారు. ఆ వ్యాసముతో పారిస్‌లో ఆయన పేరు తెలిసింది. ఆ పేరుతోపాటే శత్రువులూ పుట్టారు.

ఇక్కడ ఒక సంగతి న్యాయముగా చెప్పవలెను. మీటలను కనిపెట్టినది సాక్స్ కాదు. ష్టోల్జెల్, బ్లూమెల్ అనే జర్మనులు 1818లోనే వాటికి పేటెంటు పొందారు. మొదటి మీట నొక్కితే స్వరము రెండు అర్ధస్వరములు దిగుతుంది. రెండవది నొక్కితే ఒకటి. మూడవది నొక్కితే మూడు. ఈ మూడింటిని కలిపి, విడదీసి నొక్కితే మధ్యలో లేని స్వరములన్నీ పలుకుతాయి. సాక్స్ చేసినది వేరు. అప్పటి బ్యాండులలో ఒక్కొక్క బూర ఒక్కొక్క ఆకారము, ఒక్కొక్క కంఠము, ఒక్కొక్క వేళ్ళ పద్ధతి. 1843లో ఆయన సాక్స్‌హార్న్‌లు అనే బూరల వరుసకు పేటెంటు తీసుకున్నారు. సన్నని గొంతు గల చిన్న బూర మొదలు మంద్రముగా మ్రోగే పెద్ద బూర వరకు అన్నిటికీ ఒకే పోలిక. గొట్టము క్రమముగా వెడల్పయ్యే ఒకే తీరు. ఒకే వేళ్ళ పద్ధతి. చిన్న బూర నేర్చిన కుర్రవాడు అవసరమైతే పెద్ద బూర అందుకొని ఆ వేళ్ళతోనే ఊదగలడు. ఒకడు జబ్బుపడితే మరియొకడు ఆ స్థానములో నిలువగలడు. సంఘములో పరిచర్య చేసేవారికి ఈ సంగతి విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

1844లో డిస్టిన్ అనే ఆంగ్లేయుడు తన నలుగురు కుమారులతో పారిస్ వచ్చి ఆ బూరలను చూసి, కొని, ఇంగ్లండుకు తీసుకువెళ్ళాడు. ఆ దేశపు గనికార్మికులు, మిల్లు పనివారు సాయంకాలములు కూడి వాయించే బ్రాస్ బ్యాండులకు అవే ఆధారమైనాయి.

1845 ఏప్రిల్ 22న పారిస్‌లోని షాం ద మార్స్ మైదానములో ఒక పోటీ జరిగింది. ఒక ప్రక్క పాత పద్ధతి సైనిక బ్యాండు. దానికి సైనిక సంగీత పాఠశాల అధిపతియైన కరాఫా నాయకుడు. మరియొక ప్రక్క సాక్స్ బూరలు. సాక్స్ పక్షమున వాయించవలసిన కొందరు ఆ రోజు రానేలేదు. ఉన్న కొద్దిమందితోనే ఆయన నిలిచారు. సుమారు 20,000 మంది జనము వింటుండగా ఆయన బ్యాండు గెలిచింది. ఆ సంవత్సరమే ఫ్రెంచి సైన్యము ఆయన బూరలను స్వీకరించింది. మరుసటి సంవత్సరము, 1846లో, ఆయన పేరును లోకమంతటా నిలిపిన సాక్సోఫోన్‌కు పేటెంటు లభించింది.

విజయము ఎక్కువ కాలము సుఖమివ్వలేదు. పారిస్‌లోని వాయిద్యముల తయారీదారులు ఏకమై ఆయన మీద వ్యాజ్యములు వేశారు. ఆ పేటెంట్లు చెల్లవని వాదించారు. ఆ వ్యాజ్యములు ఏండ్ల తరబడి సాగాయి. 1848లో రాజ్యము మారగానే సైన్యములో ఆయన తెచ్చిన మార్పులను రద్దుచేశారు. 1854లో మరల తెచ్చారు. 1852లో ఆయన దివాలా తీశారు. ఆ తరువాత 1873లోను, 1877లోను మరి రెండుసార్లు ఆ దుఃఖము చూశారు.

అన్నిటికన్న పెద్ద శోధన 1853లో వచ్చింది. ఆయన పెదవి మీద పుండు లేచి పెరిగింది. బూర ఊదేవానికి పెదవియే ప్రాణము. చూపు లేని గాయకుడు పాడగలడు, కుంటివాడు తబలా వాయించగలడు. పెదవి పోయినవాడు బూర ఊదలేడు. ఆరు సంవత్సరములు ఆయన ఆ బాధ అనుభవించారు. 1859లో ఒక మూలికా వైద్యుని చేతి మందుతో నయమయ్యారు. ఆ వైద్యుని శాస్త్రము విషయమై ఆనాటి పండితులు ఒప్పుకొనలేదు గాని, సాక్స్ మాత్రము మరి ముప్పది అయిదు సంవత్సరములు బ్రతికారు. జబ్బుతో ఉన్న కాలములోనే, 1857 నుండి, పారిస్ సంగీత విద్యాలయములో సైనిక విద్యార్థులకు సాక్సోఫోన్ నేర్పారు. 1870 యుద్ధముతో ఆ తరగతి మూతబడింది. 1877లో ఆయన ఏండ్ల తరబడి సేకరించిన వాయిద్యములు వేలములో అమ్ముడుపోయాయి. 1894 ఫిబ్రవరిలో పారిస్‌లో పేదవానిగానే కన్నుమూశారు. మోంమార్త్ర్ సమాధుల తోటలో ఆయన దేహమును ఉంచారు.

ఆయన పోయినా బూరలు ఆగలేదు. 1878లో ఇంగ్లండులోని సాల్స్‌బరీ పట్టణములో ఫ్రై అనే గృహస్థుడు, ఆయన ముగ్గురు కుమారులు వీధి ప్రసంగములకు తోడుగా బూరలు ఊదారు. సాల్వేషన్ ఆర్మీ బ్యాండులకు అదే ఆరంభము. 1882 సెప్టెంబరులో ఫ్రెడరిక్ టక్కర్ గారు చిన్న బృందముతో బొంబాయిలో దిగి, వాయిద్యములతో వీధులలో నడిచినందుకు అరెస్టు అయ్యారు. దేవుని పని కొరకు బూర ఊది మన దేశములో చెరసాల చూసినవారు కూడ ఉన్నారని దీనివలన తెలియుచున్నది. మన సికింద్రాబాదు, బొలారం, తిరుమలగిరి దండు ప్రదేశములలో ఆంగ్ల పటాలముల బ్యాండులు మ్రోగాయి. మీరట్‌లో నాదిర్ అలీ అనే సైనిక బ్యాండు మాస్టరు 1885లో స్థాపించిన సంస్థ తరువాతి కాలములో బూరలను ఇక్కడనే తయారుచేసింది. దండు నుండి బజారునకు, బజారు నుండి పెండ్లి పందిరికి, సమాధుల తోటకు బూర నడిచి వచ్చింది.

ఇక మా సంగతి. ఆ సహోదరుడే మాతో అబిడ్స్‌లోని ఒక దుకాణమునకు వచ్చి మా కుర్రవాండ్రకు బూరలు ఎన్నుకొనుట నేర్పాడు. మెరుపు చూసి కొనకూడదట. మీట నొక్కి వదిలితే తడబడక వెంటనే పైకి లేవవలెను. మీట నొక్కకుండ దాని జారుడు గొట్టమును లాగితే టప్పుమని శబ్దము రావలెను. రాకపోతే ఎక్కడో గాలి కారుచున్నది. అతుకుల దగ్గర వేలితో తడిమి చూడవలెను. చిన్న సొట్ట గంట మూతి దగ్గర ఉంటే ఫరవాలేదు గాని మూతిముక్క దగ్గరి సన్నని గొట్టములో ఉంటే స్వరము చెడుతుంది. నడుస్తూ ఊదవలసినది గనుక పన్నెండేండ్ల బిడ్డకు పెద్ద బూర ఇవ్వరాదు. చేయి నొప్పిపుడితే మూతి వంగి ధ్వని నేలపాలవుతుంది. అమెరికా అంతర్యుద్ధ కాలములో వెనుక నడిచే సైనికులకు వినబడవలెనని భుజము మీదుగా వెనుకకు తిరిగిన సాక్స్‌హార్న్‌లు చేశారు. మన ఊరేగింపులో జనము ముందూ వెనుకా ఉంటారు గనుక మూతి పైకి ఉన్నవే మేలని ఆయన తేల్చాడు. మూడు బూరలు కొన్నాము. నాలుగవది ఆయన తండ్రిగారిదే. దానికి క్రొత్త స్ప్రింగులు వేయించాడు.

ఈ సంచిక మీ చేతికి వచ్చే వేళకు మా కుర్రవాండ్రు సాయంకాలములలో సంఘపు హాలులో అభ్యాసము చేయుచుందురు. ఇప్పటికి మూడు కీర్తనలు వచ్చాయి. నాలుగవది ఇంకా తడబడుచున్నది. బుగ్గలు ఉబ్బించక కడుపులో నుండి ఊపిరి తీయుమని, పెదవి అలసిపోతే ఆగుమని ఆ సహోదరుడు ప్రతి రోజు చెప్పుచున్నాడు. పెదవి అలసట అన్నప్పుడెల్ల మాకు పారిస్‌లోని ఆ రోగి జ్ఞాపకము వచ్చును.

ప్రియ సంఘకాపరులారా, పెద్దలారా, మాది ఒక్క మనవి. మన వారిని నారాయణగూడ సమాధుల తోటకు తీసుకువెళ్ళునప్పుడు బ్యాండువారు ఎండలో గేటు వెలుపల నిలబడి ఉండుట మనము ఎన్నో ఏండ్లుగా చూస్తున్నాము. మేమును చూసి ఊరకున్నవారమే. ఇకమీదట వారిని నీడలోనికి పిలిచి, కూర్చుండబెట్టి, మంచినీళ్ళు ఇద్దాము. వారు ఏ మతస్థులైనను సరే. మన దుఃఖమును తమ ఊపిరితో మోసినవారు వారు. అడాల్ఫ్ సాక్స్ పేరు వారిలో చాలామందికి తెలియదు, మాకును తెలియదు. అయినను ఆయన కట్టిన కుటుంబములో వారు సభ్యులు. ఆ కుటుంబమును మన గుమ్మము వెలుపల ఉంచకుందుము గాక. దేవునికే మహిమ కలుగును గాక.