విల్మ్ హోసెన్‌ఫెల్డ్

జర్మనీ దేశమున హెస్సె ప్రాంతమందు మాకెన్‌జెల్ అను పల్లె కలదు. అచ్చట 1895వ సంవత్సరము మే 2వ తేదీన ఒక బడిపంతులుగారి ఇంట విల్మ్ హోసెన్‌ఫెల్డ్ జన్మించెను. తండ్రివలె తానును ఉపాధ్యాయుడు కావలెనని ఆతని కోరిక. ఇంతలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చిపడెను. ఆతడు సైన్యమున చేరి పోరాడి, 1917లో తీవ్రముగ గాయపడెను. యుద్ధానంతరము పల్లెబడులలో పాఠములు చెప్పుకొనుచు, భార్యతోను అయిదుగురు బిడ్డలతోను కాలము గడపెను.

ఒక సంగతి దాచరాదు. హిట్లరు దేశమును ఉద్ధరించునని ఎందరో నమ్మినట్లే ఆతడును నమ్మి, 1935లో నాజీ పక్షమున సభ్యుడయ్యెను.

1939లో రెండవ యుద్ధము రాగా ఆతనిని మరల సైన్యమునకు పిలిచి పోలండునకు పంపిరి. 1940 మొదలు వార్సా నగరమున, సైనికుల వ్యాయామ క్రీడలను చూచు అధికారిగా ఉండెను. అచ్చట యూదులను గోడల నడుమ బంధించుట, పిమ్మట రైళ్లలో కుక్కి మరణ శిబిరములకు తరలించుట ఆతడెరిగెను. ఆతని విశ్వాసము విరిగిపోయెను. తనవారి దుష్కృత్యములకు సిగ్గుపడుచు దినచర్య వ్రాసి, ఆ పుస్తకములను ఇంటికి పంపుచుండెను. అవి పట్టుబడినచో ప్రాణము దక్కుట కల్ల. అంతటితో ఊరకుండక, మరణ శిబిరమునకు పోవు రైలునుండి తప్పించుకొనివచ్చిన లియోన్ వార్మ్ అను యూదునకు మారుపేరుతో పత్రములిప్పించి, క్రీడాశాలలో పని కల్పించెను.

1944 నవంబరు నాటికి వార్సా శిథిలమై యుండెను. ఒక పాడుబడిన ఇంటి వంటగదిలో ఎముకల గూడువంటి మనుష్యుడొకడు తిండికై వెదకుకొనుచు ఈ అధికారి కంటబడెను. నీ వృత్తి యేమని అడుగగా పియానో వాయింతునని ఆతడు చెప్పెను. ప్రక్కగదిలో పియానో ఉండెను. మురికిపట్టి బిగుసుకొనిన వ్రేళ్లతోనే ఆతడు షోపాన్ కృతి నొకదానిని వాయించెను. ఆతడే పోలిష్ రేడియో సంగీత విద్వాంసుడు వ్లాడిస్లావ్ ష్పిల్‌మన్. హోసెన్‌ఫెల్డ్ ఆతనిని పట్టియీయలేదు. అటుక మీద దాగుటకు మరింత మరుగైన తావు తానే చూపెను. రొట్టెలు తెచ్చి ఇచ్చెను. చలికి తన కోటు నిచ్చెను. పేరు మాత్రము చెప్పలేదు.

1945 జనవరి 17న ఆతడు సోవియట్ సైన్యమునకు చిక్కెను. న్యాయస్థానము ఆతనికి 25 సంవత్సరముల శిక్ష విధించెను. తాను కాపాడినవారి పేర్లు భార్యకు వ్రాసి పంపెను. ష్పిల్‌మన్ ఆతని పేరు తెలిసికొని విడుదలకై యత్నించెను గాని, ఫలింపలేదు. ఎందరి చెరనో తప్పించినవానిని చెరనుండి తప్పింపగలవారు లేకపోయిరి. 1952 ఆగస్టు 13న స్టాలిన్‌గ్రాడ్ బందీగృహమున ఆతడు కన్నుమూసెను.

ఇంటికి పంపిన ఆ దినచర్యలను కుటుంబమువారు భద్రపరచిరి. వానిని, ఇతర సాక్ష్యములను పరిశీలించిన మీదట, 2008లో ఇజ్రాయేలు దేశమందలి యాద్ వాషెమ్ సంస్థ యూదులను కాపాడిన సత్పురుషుల జాబితాలో ఆతని పేరు చేర్చెను.