ఆల్ఫ్రెడ్ విల్మ్

బాలబాలికలారా! విమానమును చూచి మురియని వారుండరు. కాని మెత్తనైన అల్యూమినియము అంతటి భారమును మోయు శక్తిని ఎట్లు పొందెనో యెరిగినవారు కొలదిమందియే. ఆ శక్తిని లోకమునకు చూపినవాడు ఆల్ఫ్రెడ్ విల్మ్.

ఈయన 1869లో, నాడు ప్రష్యాలోనున్న సైలీషియా ప్రాంతమున జన్మించెను. లోహశాస్త్రమున నిష్ణాతుడై, బెర్లిను సమీపముననున్న ఒక పరిశోధనాలయమున పనిచేసెను. తూటాల తొడుగులకు ఇత్తడికి బదులుగా తేలికయైన గట్టి లోహమును కనుగొనుట ఆయనకు అప్పగింపబడిన కార్యము. ఉక్కును కాచి నీట ముంచినచో తత్‌క్షణమే గట్టిపడునని మన కమ్మరులును ఎరుగుదురు. అల్యూమినియము అట్లు గట్టిపడలేదు. అయినను ఆయన విసుగు చెందలేదు. 1906లో నూటికి నాలుగుపాళ్లు రాగియు, కొంచెము మెగ్నీషియమును కలిసిన మిశ్రలోహమును కాచి, నీట ముంచి, దాని కాఠిన్యమును కొలిచెను. కొన్ని దినములకు మరల కొలువగా, అది తనంతట తానే మిక్కిలి గట్టిపడి యుండెను! మరల మరల పరీక్షించి, కాలమే ఆ బలమునకు కారణమని నిశ్చయించెను. డ్యూరెన్ పట్టణపు కర్మాగారమున తయారగుటచే దానికి డ్యూరాల్యుమిన్ అను పేరు కలిగెను. జెప్పెలిన్ ఆకాశనౌకలును, పిదప విమానములును దానితో నిర్మింపబడెను.

అయితే బలమువెంట బలహీనతయు వచ్చెను. రాగి కలియుటచే ఆ లోహము తేమకు, ఉప్పుగాలికి లోనై క్షయింపసాగెను. తరువాతి కాలమున జింకు కలిపి చేసిన మరింత గట్టి మిశ్రలోహములలో మరియొక అపాయము కానవచ్చెను. లోపల బిగువుండి, పైన తేమ తగిలినచో, లోహపు రేణువుల సందులవెంట పగులు రహస్యముగా ప్రాకును.

ఇచ్చట సమ్మెటపని ముఖ్యమగును. కట్టె నిలువున సులభముగా చీలును, అడ్డముగా చీలదు. లోహమును కాచి అచ్చులలో గొట్టునపుడు రేణువులు కొయ్యచారలవలె సాగును. ఆ చారలు భాగపు ఆకృతిని అనుసరించి, బిగువు పడు దిక్కుననే సాగిన యెడల అది చిరకాలము నిలుచును. రెండచ్చులు కలియు అంచున చారల కొసలు బయటపడినచో, పగులు అచ్చటనే ఆరంభమగును. కావుననే పనివారు అచ్చును యోచించి చేయుదురు. నీట ముంచుటచే కలిగిన లోపలి బిగువును తగ్గింతురు. కొంత బలమును వదలుకొనియైనను లోహమును మరికొంతసేపు వేడిలో పక్వపరతురు.

విల్మ్ మహాశయుడు పిదప పరిశోధనను విడిచి వ్యవసాయము చేపట్టి, 1937లో మరణించెను. లోహమున రాగి పరమాణువులు గుంపుగూడుటయే ఆ కాఠిన్యమునకు మూలమని ఎక్స్ కిరణములు చూపినది 1938లో. తన రహస్యమునకు రుజువును ఆయన చూడనేలేదు.

విద్యార్థులారా! గట్టిదనము మాత్రమే బలము కాదు. లోపలి బిగువును తొలగించుకొని, ఓర్పుతో పక్వము నొందినదే చిరకాలము నిలుచును.