పాదిరిగారి తుపాకి

స్కాట్లండులో అబర్డీన్ నగరానికి ఉత్తరాన, సముద్రతీరానికి చేరువగా బెల్‌హెల్వీ అనే గ్రామం ఉన్నది. అచ్చటి పాదిరి ఇంట 1768లో అలెగ్జాండర్ జాన్ ఫార్సైత్ జన్మించారు. తండ్రి అనంతరం 1791లో ఆ పదవి ఆయనకే సంక్రమించింది. ఆదివారం ధర్మబోధ, తక్కిన దినాలలో రసాయన ప్రయోగాలు, తీరిక చిక్కితే నీటిపక్షుల వేట: ఇదీ ఆయన జీవితం.

అవి చెకుముకి తుపాకుల కాలం. మీట నొక్కగానే చెకుముకిరాయి ఉక్కును తాకి నిప్పురవ్వలు రాల్చేది. గొట్టం ప్రక్కనున్న చిన్న పళ్లెంలోని మందు ముందుగా అంటుకొని, ఆ మంట సన్నని రంధ్రం గుండా లోపలికి పోయి అసలు మందును పేల్చేది. ఈ జాగు మనిషికి రెప్పపాటే. నీటిబాతుకు మాత్రం అది చాలినంత వ్యవధి. పళ్లెంలో మెరుపు కనబడగానే అది బుడుంగున మునిగేది, సీసపు గుళ్లు ఉత్త నీటిపై పడేవి. వానతుంపర తగిలితే మందు నాని తుపాకి పేలనే పేలదు. వేటగాండ్రు గొట్టం పొడవునూ నగిషీనీ చూచి తుపాకిని ఎన్నుకొనే రోజులలో, నీటిపక్షుల వేటకు కావలసినది మెరుపు చూపనిదీ, తడికి లొంగనిదీ అని ఫార్సైత్ గ్రహించారు.

మొదట పళ్లెంపై ఒక కప్పు అమర్చి చూచారు. అది మెరుపును దాచినదే గాని జాగును తగ్గించలేదు. 1800లో ఎడ్వర్డ్ హోవర్డ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, దెబ్బ తగిలితే పేలే ఒక పాదరస లవణాన్ని లోకానికి వెల్లడించాడు. నిప్పురవ్వతో పని లేకుండా, చిన్న సుత్తి దెబ్బతోనే మందును అంటించవచ్చునని ఫార్సైత్‌కు తోచింది. అటువంటి చూర్ణాలతో ప్రయోగాలు సాగించి, అత్తరుబుడ్డి ఆకారపు చిన్న డబ్బీని తుపాకికి బిగించారు. దానిని త్రిప్పితే చిటికెడు చూర్ణం జారేది. సుత్తి పడగానే తుపాకి పేలేది.

1806లో ఆయన లండను చేరారు. ఆయుధశాఖాధిపతి లార్డ్ మొయిరా టవర్ కోటలో ప్రయోగాలకు చోటు కల్పించాడు. మరుసటి ఏడు ఆ పదవికి వచ్చిన చాతమ్ ప్రభువు ఆ పనిని నిలిపివేశాడు. ఫార్సైత్ 1807 ఏప్రిల్‌లో పేటెంటు పొంది, తమ తుపాకులను అమ్మించసాగారు. నెపోలియన్ 20,000 పౌనులు ఇవ్వజూపగా తిరస్కరించారని చెబుతారు. అది ఎంత నిజమైనా, స్వదేశ ప్రభుత్వం వద్దన్న మనిషి పరాయి సేనకు తన విద్య అమ్మలేదన్నది మాత్రం వాస్తవం.

పేటెంటు గడువు ముగిసిన ఎన్నో ఏండ్లకు గాని ఆంగ్లసేన చెకుముకిని వదలలేదు. అప్పటికి ఇతరులు చూర్ణాన్ని రాగిటోపీలో పొదిగి, డబ్బీ అవసరం లేకుండా చేశారు. వృద్ధుడైన ఫార్సైత్‌కు దక్కిన పారితోషికం స్వల్పం. మరికొంత ఆయన మరణానంతరం బంధువులకు చేరింది. 52 ఏండ్లు బెల్‌హెల్వీ పాదిరిగానే ఉండి, 1843 జూన్ 11న ఆయన కన్నుమూశారు.