పాపన్న కోటలో మందు అయిపోయిన రోజు

మాది నర్మెట్ట. హాస్టల్‌లో ఊరి పేరు చెప్తే ఎక్కడ అంటారు. జనగామ పక్కన అంటా. అయినా అర్థం కాకపోతే, సర్వాయి పాపన్న కోట ఉన్న ఏరియా అంటా. అప్పుడు సగం మందికి వెలుగుతుంది. ఎందుకంటే ఆగస్టు 18న జయంతి ఫ్లెక్సీలు అందరూ చూసే ఉంటారు. గుర్రం, కత్తి, మెలి తిప్పిన మీసం. ఆ బొమ్మల్లో తుపాకి మాత్రం పెద్దగా కనిపించదు. నాకేమో ఆయన జీవితమంతా తుపాకి మందు చుట్టూ తిరిగినట్టు అనిపిస్తుంది. (మందు అంటే మీరు అనుకునే మందు కాదు. అది కూడా చివర్లో వస్తుంది, ఆగండి.)

పాపన్న గురించి మనకు తెలిసింది రెండు వైపుల నుంచి. ఒకటి మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ పర్షియన్‌లో రాసింది. ఆయన దృష్టిలో పాపన్న దొంగ, అంతే. రెండోది మన జనం పాడుకున్న కథ. బోయల్ అనే ఇంగ్లీషాయన దాన్ని సేకరించి 1874లో అచ్చు వేయించాడు. అందులో పాపన్న హీరో. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే మనిషి కొంచెం కనిపిస్తాడు.

గీత కార్మికుల ఇంట్లో పుట్టాడు. కులవృత్తి వద్దనుకున్నాడు. ఖాఫీ ఖాన్ చెప్పే మొదటి సంగతి మాత్రం మన ఫ్లెక్సీల మీద ఎవరూ రాయరు: డబ్బున్న సొంత అక్కను కొట్టి, నగలూ సొమ్మూ లాక్కుని, వాటితో మనుషుల్ని పోగేశాడు. శత్రువు రాసిన మాట కదా అని కొట్టేయొచ్చు. నేను కొట్టేయలేకపోయా. తాటికొండ గుట్ట మీద చిన్న కోట కట్టుకుని, హైదరాబాద్-వరంగల్ దారిలో పోయేవాళ్లని దోచాడు. స్థానిక అధికారులు తరిమితే కౌలాస్ దాకా పోయి, అక్కడి జమీందారు వెంకట్రావు దగ్గర కొలువులో చేరాడు. అక్కడా అదే పని చేస్తే జైల్లో వేశారు. జమీందారు భార్య, జబ్బుతో ఉన్న కొడుకు బాగుపడాలని పుణ్యం కోసం ఖైదీల్ని వదిలిపెట్టించింది. అట్లా బయటపడి మళ్లీ మన వైపే వచ్చాడు.

ఈసారి షాపూర్‌లో, అంటే ఇప్పటి ఖిలాషాపూర్‌లో మకాం. ఆయన మనుషుల పేర్లు జానపద కథలో ఉన్నాయి: చాకలి సర్వన్న, మంగలి మాసన్న, కుమ్మరి గోవిందు, దూదేకుల పీరు. ఆ రోజుల్లో ఈ కులాలన్నీ ఒకే జెండా కింద నిలబడడం మామూలు విషయం కాదు. కొలిపాక ఫౌజ్‌దార్ ఖాసిం ఖాన్ పట్టుకోవడానికొచ్చి చచ్చిపోయాడు. హైదరాబాద్ నుంచి రుస్తుం దిల్ ఖాన్ వచ్చి రెండు నెలలు ముట్టడించి కోటను పేల్చేశాడు. పాపన్న తప్పించుకుని, వాళ్లు పోయాక రాయి, సున్నంతో ఇంకా గట్టిగా కట్టి, పైన ఫిరంగులు పెట్టాడు.

1707లో ఔరంగజేబు పోయాడు. కొడుకులు సింహాసనం కోసం కొట్టుకుంటున్న టైంలో, 1708 ఏప్రిల్ 1న, ఊరంతా మొహర్రం పనుల్లో ఉండగా పాపన్న వరంగల్ మీద పడ్డాడు. రెండు మూడు వేల కాల్బలం, నాలుగైదు వందల గుర్రాలు. తాళ్ల నిచ్చెనలతో గోడలెక్కారు. సొమ్ముతో పాటు మనుషుల్నీ, ఆడవాళ్లనీ ఎత్తుకెళ్లారు. ఇది కూడా ఫ్లెక్సీల మీద ఉండదు.

ఆ తర్వాతే అసలు కొనుగోలు. 700 రెండు గొట్టాల తుపాకులు సంపాదించాడని ఖాఫీ ఖాన్ రాశాడు. అప్పటికి అది లేటెస్ట్ టెక్నాలజీ.

మనం సినిమాల్లో చూసే తుపాకి వేరు. ఇప్పటి బెంచ్‌రెస్ట్ షూటర్లు టార్గెట్ కొట్టడానికి ఒక్కో తూటాలో మందును చాలా జాగ్రత్తగా కొలిచి నింపుకుంటారట. ఎందుకంటే మందు కొంచెం తేడా వచ్చినా గుండు వేగం మారుతుంది, తగిలే చోటు మారుతుంది. పాపన్న మనుషులకు రెడీమేడ్ తూటాలు లేవు. గొట్టం మూతి నుంచి కొలిచిన మందు పోయాలి, సీసం గుండు వేయాలి, చువ్వతో దట్టించాలి, పక్కన చిన్న గిన్నెలో ఇంకొంచెం మందు వేసి నిప్పు తగిలించాలి. ఇదంతా ఎదురుగా శత్రువు ఉండగా, వణికే చేతులతో. రెండు గొట్టాలుంటే రెండుసార్లు. లెక్క వేసి చూడండి: 700 మంది ఒక్కసారి పేలిస్తే 1,400 గుండ్లు. పదిసార్లు నింపితే 14,000 కొలతల మందు. సురేకారం మట్టి నుంచి తీయొచ్చు, బొగ్గు ఇక్కడే కాల్చుకోవచ్చు, గంధకం మాత్రం వ్యాపారులు తెస్తేనే. తడి తగిలితే అంతా వేస్ట్. తుపాకి ఒకసారి కొంటే సరిపోతుంది, మందు రోజూ కావాలి. దారి మూసేస్తే ఇక రాదు.

1709లో కొత్త చక్రవర్తి బహదూర్ షా హైదరాబాద్ వస్తే, పాపన్న 14 లక్షల రూపాయలు కానుక ఇచ్చి గౌరవ వస్త్రం పుచ్చుకున్నాడు. దొంగ కాస్తా దొర అయ్యాడు. కానీ తమ వాళ్లు ఇంకా ఆయన చెరలో ఉన్న ముస్లిం పెద్దలు ఊరుకోలేదు. చక్రవర్తి మాట మార్చి, సుబేదారు యూసుఫ్ ఖాన్‌కు పాపన్నను అణచమని ఆర్డర్ వేశాడు.

అదే టైంలో ఇంట్లోంచే దెబ్బ పడింది. షాపూర్ జైల్లో పాపన్న బావమరిది కూడా ఉన్నాడు. పాపన్న వేరే చోట యుద్ధంలో ఉండగా భార్య తన తమ్ముడికి గుట్టుగా ఆకురాళ్లు అందించింది. ఖైదీలు సంకెళ్లు కోసుకుని కోటను పట్టుకున్నారు. పరుగున వచ్చిన పాపన్న మీద ఆయన పెట్టుకున్న ఫిరంగులే పేలాయి. ఆమె ఎందుకు అట్లా చేసిందో రాసినవాళ్లెవరూ అడగలేదు. తమ్ముణ్ణి జైల్లో పెట్టిన మొగుడు, నాకైతే ఆమె మీద కోపం రాదు.

పాపన్న తాటికొండకు చేరాడు, మొదలుపెట్టిన గుట్టకే. యూసుఫ్ ఖాన్ ఐదారు వేల గుర్రాలతో చుట్టూ దిగాడు. నెలలు గడిచాయి. వదిలి వచ్చినవాళ్లకు రెట్టింపు జీతం అని చాటించాడు. కొందరు వెళ్లారు. గోడలు నిలబడే ఉన్నాయి, తుపాకులూ ఉన్నాయి. మందు అయిపోయింది.

ఆ రాత్రి పాపన్న వేషం మార్చి, ఒక గుమ్మం దగ్గర చెప్పులూ హుక్కా వదిలేసి, ఇంకో గుమ్మం నుంచి జారుకున్నాడు. వెతికేవాళ్లు తప్పు దారిన పోవాలని. కాలికి గుండు తగిలి ఉంది. అట్లాగే హసనాబాద్ చేరాడు. అది ఇప్పటి హుస్నాబాదే అని మా వైపు చెప్పుకుంటారు. అలసిపోయి ఒక గీత కార్మికుడి దగ్గర కూర్చుని కల్లు అడిగాడు. మాట తీరు, కూర్చున్న తీరు చూసి ఆయన గుర్తుపట్టేశాడు. కూర్చోబెట్టి కబురు పంపాడు. వచ్చి పట్టుకున్నది ఆ బావమరిదే.

1710లో చంపేశారు. తల చక్రవర్తికి పంపి, మొండెం హైదరాబాద్ గుమ్మానికి వేలాడదీశారు. ఖిలాషాపూర్ కోట బురుజులు ఇంకా ఉన్నాయి. దసరా సెలవులకు ఎవరైనా మా ఊరొస్తే బండి మీద తీసుకెళ్తా.