తెలుగు నేర్చిన బిషప్పు, ఆయన తెరిపించిన బడులు

హోసూరు, కృష్ణగిరి వైపు మన ఇళ్లలో పాత చదువుల మాట వస్తే ముందుగా తొరపల్లి రాజాజీ గారే గుర్తుకొస్తారు. హోసూరు బడిలో అక్షరాలు దిద్దిన పిల్లవాడు గవర్నర్ జనరల్ అయిన సంగతి పిల్లలకు చెప్పని పెద్దలు లేరు. అయితే రాజాజీ గారు పుట్టడానికి చాలా ముందే ఈ సీమ చదువుల మీద తన ముద్ర వేసి వెళ్లిన మనిషి ఒకరున్నారు. ఆయన ఫ్రెంచివారు. తమిళ దేశానికి బిషప్పు కాకముందే తెలుగు నేర్చారు. ఆయన పేరు క్లెమెంట్ బొన్నాండ్. క్రైస్తవులు కాని మన ఇళ్లలో ఈ పేరు విన్నవారు తక్కువే కాబట్టి ఆయన గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం.

ముందు కాలం సంగతి. 1792 శ్రీరంగపట్నం ఒడంబడికతో కృష్ణగిరి చుట్టుపక్కల బారామహలు కుంఫిణీ చేతికి పోయింది. హోసూరు వైపు మాత్రం 1799లో టిప్పు పడిపోయేదాకా మైసూరు కిందనే ఉంది. క్యాథలిక్ మతం అంతకు ముందే వచ్చింది. జెస్యూట్ పాదిరీలు మైసూరు వైపు నుంచి, పుంగనూరు వైపు నుంచి తిరిగి అక్కడక్కడ సంఘాలు పెట్టారు. 1773లో పోపు ఆ జెస్యూట్ సభనే రద్దు చేయడంతో, పాండిచ్చేరి కేంద్రంగా ఉన్న ఆ పని 1776లో ప్యారిస్ విదేశీ మిషన్ల సంఘం చేతికొచ్చింది. ఆ వెంటనే ఫ్రెంచి విప్లవం, యుద్ధాలు. ఫ్రాన్సు నుంచి మనుషులూ రాలేదు, డబ్బూ రాలేదు. ఉన్న కొద్దిమంది ముసలి పాదిరీలు ఏడాదికొకసారి ఊరి ముఖం చూడడమే గగనమైపోయింది.

అలాంటి రోజుల్లో, 1824లో, ఇరవై ఎనిమిదేళ్ల బొన్నాండ్ పాండిచ్చేరి మిషనుకు వచ్చారు. ఆయనను ఉత్తరాన తెలుగు సీమకు పంపారు. గుంటూరు వైపు ఫిరంగిపురం లాంటి ఊళ్లలో తెలుగు క్యాథలిక్ కుటుంబాలు అప్పటికే కొన్ని తరాలుగా ఉన్నాయి. అక్కడ తెలుగు నేర్చుకోకపోతే నోరు విప్పే వీలే లేదు. ఊరి నుంచి ఊరికి రోజుల తరబడి ప్రయాణం. చదువంటే వీధి బడి అరుగు మీద ఇసుకలో రాయడం, అదీ కొన్ని కులాల మగపిల్లలకే. ఆయన దాదాపు తొమ్మిదేళ్లు గడిపింది ఈ దేశంలోనే. 1833లో, గుంటూరు సీమను డొక్కల కరువు కాల్చేస్తున్న ఏడు, ఆయనను బిషప్పుగా చేశారు. 1836లో పాత బిషప్పు పోయాక మిషను బాధ్యతంతా ఆయన నెత్తిన పడింది. అప్పటి పాండిచ్చేరి వికారియేటులో మైసూరు, కోయంబత్తూరు, సేలం అన్నీ కలిసే ఉండేవి. మన హోసూరు, కృష్ణగిరి కూడా ఆ గీతలోపలివే.

కాలం మాత్రం మారిపోతోంది. 1835లో మెకాలే మాట నెగ్గి ఇంగ్లీషు చదువుకు దారి పడింది. 1837లో మద్రాసులో స్కాట్లాండు మిషనరీ జాన్ ఆండర్సన్ ఇంగ్లీషు బడి పెట్టారు. 1843లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ బడి వచ్చింది. ఇవి ప్రొటెస్టెంట్ల బడులు. సర్కారు నౌకరీ కావాలంటే ఇంగ్లీషు కావాలి, ఇంగ్లీషు కావాలంటే ఆ గడప తొక్కాలి. క్యాథలిక్కులకు పిల్లలు చేజారిపోతారన్న భయం పట్టుకుంది. మిషన్ బడుల వెనుక ఉన్నదంతా దయాధర్మమే అని మేము చెప్పబోము. పోటీ ఉంది, భయం ఉంది. అయినా ఆ పోటీలోంచి పేదపిల్లలకు పలక దొరికిందన్నది కూడా నిజమే.

1844 జనవరిలో బొన్నాండ్ పాండిచ్చేరిలో పాదిరీల మహాసభ జరిపించారు. ఆయన జీవితంలో పెద్ద ఘట్టం ఇదే. ఈ నేల మీద పుట్టినవారినే చదివించి పాదిరీలుగా తయారుచేయాలని, అందుకు సెమినరీ ఒక్కటే చాలదు, సంఘాల్లో బడులు కావాలని ఆ సభ తేల్చింది. లుకే అనే పాదిరీ ఆ తీర్మానాలను రోముకు మోసుకుపోయారు. మరుసటి ఏడే రోము నుంచి స్థానిక పాదిరీలను తయారుచేయమని ఆజ్ఞాపత్రం వెలువడింది. దొర పైన, నేటివు కింద అన్నది లోకన్యాయంగా చెలామణి అవుతున్న రోజుల్లో ఇది చిన్న మాట కాదు. పాండిచ్చేరిలో నేటికీ నడుస్తున్న పెటిట్ సెమినేర్ బడి పుట్టింది ఆ ఏడే.

అదే ఏడు ఇంకో పని జరిగింది. మాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచేది ఇదే. బొన్నాండ్ అనుమతితో ద్యుప్యుయీ అనే పాదిరీ, ఈ దేశపు ఆడవాళ్లతోనే ఒక కన్యాసభను మొదలుపెట్టారు. ఆడపిల్లలకు చదువు చెప్పడమే వాళ్ల పని. చదువుకున్న ఆడది అంటే దేవదాసి అనుకునే కాలం అది. మంచి కుటుంబంలో పుట్టిన పిల్ల పలక పట్టుకుంటే పెళ్లి కాదన్నారు. ఆ మాటలు పడుతూనే ఆ అమ్మలు బడులు నడిపారు. మన అవ్వల కాలంలో కూడా ఎంతమంది సంతకం పెట్టగలిగారో లెక్క వేసుకుంటే 1844 ఎంత ముందుచూపో తెలుస్తుంది.

లోటు లేదా అంటే ఉంది. కులం దగ్గర బొన్నాండ్, ఆయన తోటి ఫ్రెంచి పాదిరీలు సర్దుకుపోయారు. కులం లోకాచారమే గాని మతవిషయం కాదని చెప్పి, గుడిలో వేరువేరు చోట్లు ఉంచేశారు. దళిత క్రైస్తవులు ఆ గోడలను తరతరాలు మోశారు. ప్రొటెస్టెంట్లలో బిషప్ విల్సన్ 1833లోనే గుడిలో కులం కూడదని గట్టిగా నిలబడ్డారు కాబట్టి, కాలమే అలాంటిదని తప్పించుకోవడానికి వీల్లేదు.

రెండోది భాష. తెలుగు వచ్చిన బిషప్పు ఉన్నా మిషను అచ్చు, బడి, సెమినరీ పాండిచ్చేరిలో ఉన్నాయి కాబట్టి తమిళమే ముందుకెళ్లింది. ఉత్తరాది తెలుగు సంఘాలు తరువాత మద్రాసు వికారియేటు కిందికి పోయాయి. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష. 2006 తమిళ చట్టం తరువాత మన పిల్లలకు ఎదురైన చిక్కు దీనికి దూరపు చుట్టమే. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. క్యాథలిక్కులు సొంత బడులు నడుపుకునే హక్కుకు ఆధారమైన రాజ్యాంగం 30వ అధికరణమే, తెలుగువారి వంటి భాషా అల్పసంఖ్యాకులకు కూడా ఆధారం. వాళ్లు దాన్ని వాడుకున్నంతగా మనం వాడుకున్నామా?

1850లో మైసూరు, కోయంబత్తూరు వేరుపడ్డాయి. మైసూరుకు షార్బొన్నో బిషప్పు అయ్యారు. 1858లో బెంగళూరులో సెయింట్ జోసెఫ్స్ వచ్చింది. హోసూరుకు అది ఇరవై అయిదు మైళ్ల దూరమే. 1930లో సేలం, 1997లో ధర్మపురి మేత్రాసనాలు ఏర్పడి ఈ సీమ బడులు ఆ పాలనలోకి వచ్చాయి.

ముసలితనంలో రోము ఆయనకు ఇంకో బరువు పెట్టింది. ఇండియాలోని క్యాథలిక్ మిషన్లన్నీ తిరిగి చూసి నివేదిక పంపమంది. అరవై దాటిన మనిషి దక్షిణం నుంచి ఉత్తరానికి ఊరూరా సంఘాలు, బడులు చూసుకుంటూ పోయారు. ఆ ప్రయాణం మధ్యలోనే 1861 మార్చిలో కాశీలో కన్నుమూశారు. మిగిలిన తనిఖీని మైసూరు బిషప్పు షార్బొన్నో పూర్తి చేశారు.